కట్టు మారిన కాలమున గుండీలు, రుమాళ్ళు

మన యిండ్లలో అటక మీదనో, మంచము క్రిందనో తరతరములుగా కదలని పెట్టె ఒకటి ఉండుట కలదు. దానిని తెరచినచో చీరలకన్న, పంచెలకన్న ముందుగా చేతికి తగులునవి చిన్న వస్తువులు. సన్నని గొలుసుతో ఒకదానికొకటి కలుపబడిన చొక్కా గుండీలు, విడి కాలరును మెడకు బిగించు ఇత్తడి స్టడ్డు, దారములు నలిగిన జడకుప్పెలు, తోలు ఊడిపోయి మిగిలిన నడికట్టు బకిలు. ఇంటిలోని పెద్దవారు తప్ప తక్కినవారు వీనిలో కొన్నిటి ఉపయోగమును చెప్పజాలరు. గుడ్డ చినిగిపోవును, చినిగిన గుడ్డ గిన్నెలు తుడుచుటకు పోవును. ఈ చిన్న వస్తువులు మాత్రము చెడక, పనికి రాక, అట్లే నిలిచియుండును.

వీనిని నేటి ప్రసంగమునకై తోడువస్తువులని పిలుతము. గుండీ, బొందు, బకిలు, పిన్నీసు, జిప్పు, టోపి, రుమాలు, చేతిసంచి – ఇవి అన్నియు ఈ కోవలోనివే. వీనికి స్వతంత్రమైన బ్రతుకు లేదు. ఎవ్వరును గుండీ కొరకు గుండీని కొనరు. చొక్కా ఉన్నది గనుక గుండీ. పావడ ఉన్నది గనుక బొందు. ఆ చొక్కా కట్టు మారినచో, గుండీ ఎంత చక్కనిదైనను, ఎంత చౌకయైనను, దానిని అడుగువాడు ఉండడు. బియ్యము వ్యాపారి ధర తగ్గించి సరకు అమ్ముకొనగలడు. గుండీలు చేయువానికి ఆ దారియు లేదు. తన పనిలో ఏ లోపమును లేకుండగనే అతడు పనిని కోల్పోవును. ఈ విషయమునందు మాకు కుతూహలము కలిగించినది వస్తువుల చరిత్రకంటె, వానిని చేసిన మనుష్యుల చరిత్రయే.

1765వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున లండను నగరమున విగ్గులు చేయు పనివారు ఊరేగింపుగా బయలుదేరి, మూడవ జార్జి రాజునకు విన్నపము సమర్పించిరి. పెద్దమనుష్యులు విగ్గులు మాని సొంత జుట్టును ధరించుచున్నారనియు, తమ బ్రతుకు గడచుట లేదనియు వారి మొర. కాని వీధిలో గుమిగూడిన జనము పరికించి చూడగా, ఊరేగింపులోని వారిలోనే పలువురు విగ్గులు లేక సొంత జుట్టుతో నడచుచుండిరి. జనము కోపించి వారిని పట్టుకొని జుట్టు కత్తిరించిరట. ఇది నవ్వు పుట్టించు ముచ్చటయే. ఐనను, ఇతరులు మానిన అలవాటును ఆ వస్తువును చేయువాడు సైతము మానినాడన్నచో, ఆ అలవాటు ఎంత లోతుగా పోయినదో తెలియుచున్నది. ముప్పది యేండ్ల పిమ్మట, 1795లో, ప్రధానమంత్రి పిట్టు జుట్టునకు చల్లుకొను పొడిపై ఏడాదికి ఒక గినీ పన్ను విధించెను. ఆ పిమ్మట పొడి చల్లుకొనువారే తగ్గిపోయిరి.

విగ్గులకంటె బకిళ్ళ కథ బరువైనది. పదునేడవ శతాబ్దపు నడిమి కాలమునుండి ఇంగ్లండులో బూట్లకు లోహపు బకిళ్ళు పెట్టుకొను ఆచారము వ్యాపించినది. సామ్యూల్ పెపీసు తన దినచర్యలో, బూట్లకు బకిళ్ళు ధరించుట ప్రారంభించిన దినమును 1660 జనవరిలో గుర్తు వ్రాసికొనెను. తరువాతి నూరేండ్లలో బర్మింగుహాము, వాల్సాలు, ఉల్వర్‌హాంప్టన్ పట్టణములలో వేలకొలది జనము బకిళ్ళు పోతపోసి, మెరుగుపెట్టి బ్రతికిరి. అంతలో బూటునకు దారము కట్టు పద్ధతి వచ్చినది. దారము చౌక, తేలిక. పైగా 1789లో ఫ్రాన్సున విప్లవము రాగా, అచటి జాతీయ సభ సభ్యులు తమ వెండి బకిళ్ళను దేశమునకు విరాళముగా ఇచ్చివేసిరి. బకిలు ధనికుని గుర్తు, దారము సామాన్యుని గుర్తు అయ్యెను.

1791లో బకిళ్ళ పనివారి ప్రతినిధులు వేల్సు యువరాజును దర్శించి తమ దుర్గతిని విన్నవించుకొనిరి. యువరాజు దయగలిగి, తన పరివారమందరును బకిళ్ళనే ధరించవలెనని ఆజ్ఞాపించెను. అంతటివాడు చెప్పినను దేశము వినలేదు. కొలది సంవత్సరములలో బకిలు బూట్లనుండి దాదాపుగా మాయమైనది. కాని వాల్సాలు పట్టణము చావలేదు. ఏలననగా అచట గుఱ్ఱపు జీనులకు, కళ్ళెములకు వలసిన బకిళ్ళు, కొంకులు చేయు పనియు ఉండెను. మనుష్యుని బూటు దారమునకు లొంగినను, గుఱ్ఱము నడుమునకు బకిలు తప్పలేదు. ఆ ఊరి ఫుట్‌బాలు జట్టును నేటికిని జీనులవారు అనియే పిలుచుచున్నారు. చేతిపని ఒక్కటే అయినను రెండు గిరాకులపై నిలిచినవాడు బ్రతికెను. ఒకే గిరాకిపై నిలిచినవాడు యువరాజు వాకిటికి పోవలసివచ్చెను.

అమెరికాలోని ట్రాయి పట్టణమున ఇట్టిదే మరియొకటి జరిగినది. 1827 ప్రాంతమున హన్నా లార్డు మాంటెగ్యూ అను ఇల్లాలు, చొక్కా అంతయు శుభ్రముగనే ఉండగా మెడపట్టీ ఒక్కటి మాసినదని చొక్కా మొత్తమును ఉదుకుటకు విసిగి, కాలరును కత్తిరించి, విడిగా ఉదికి, తిరిగి తగిలించినదని అచటివారు చెప్పుదురు. అక్కడినుండి విడి కాలరులు ఒక పరిశ్రమ అయ్యెను. అమెరికాలో అమ్ముడుపోవు కాలరులలో అధికభాగము ట్రాయిలోనివే గనుక దానికి కాలరుల నగరమని పేరు. గంజిపెట్టి ఇస్త్రీ చేయు పని స్త్రీలది. ఆవిరిలో, కాలిన ఇనుముల నడుమ దినమంతయు నిలబడవలెను. 1864లో కేటు మలానీ అను యువతి వారిని సంఘముగా కూర్చి, సమ్మె చేయించి, కూలిలో నూటికి ఇరువదియైదు వంతులు పెంపు సాధించినది.

మొదటి ప్రపంచయుద్ధమునకు పోయిన యువకులు మెత్తని కాలరు కుట్టిన చొక్కాలకు అలవాటుపడి, తిరిగివచ్చిన పిమ్మట గంజికాలరును మెడకు చుట్టుకొనుటకు ఇష్టపడలేదు. కాలరు పోయినది. దానితో, ముందొకటి వెనుకొకటిగా దానిని బిగించు స్టడ్లు పోయినవి. ఇస్త్రీశాలలు పోయినవి. ట్రాయిలోని పెద్ద కంపెనీలలో ఒకటి మాత్రము కాలరుతో కూడిన చొక్కాలనే కుట్టుటకు పూనుకొనెను. అందులోని శాన్‌ఫర్డు క్లూయెట్టు, ఉదికిన తరువాత గుడ్డ ముడుచుకొనిపోకుండ ముందే దానిని కుదించు పద్ధతిని కనిపెట్టి 1930 ప్రాంతమున వాడుకలోనికి తెచ్చెను. ఆ కంపెనీ కాలరులకు పెట్టిన ఆరో అను పేరు నేటికిని మన నగరములలో చొక్కాల మీద కానవచ్చుచున్నది. స్టడ్లు చేసినవారి పేర్లు మాత్రము ఎచటను కానరావు.

విదేశముల మాట చాలును. మన కట్టును చూతము.

పంచెకట్టునకు గుండీ లేదు, జిప్పు లేదు, బకిలు లేదు. కుచ్చిళ్ళు దోపి, గోచి బిగించినచో పని తీరినది. డబ్బు రొంటిన దోపుకొనువారు. చుట్టకును, పొడుంకాయకును అదియే చోటు. మీద ఒక ఉత్తరీయము. ఈ ఉత్తరీయము చేసిన పనులను లెక్కించి చూడుడు. చెమట తుడుచుకొనుటకు అదే. ఎండలో తలకు చుట్టుకొనుటకు అదే. సంతలో కూరలు మూటకట్టుటకు అదే. బరువు నెత్తికెత్తుకొనునపుడు చుట్టకుదురుగా అదే. చెట్టు నీడను పరచుకొని పడుకొనుటకును అదే. దేవుని ముందు నడుమునకు చుట్టుకొనినచో మర్యాద. సభలో భుజముపై వైచుకొనినచో గౌరవము. కుట్టు లేని, కొక్కెము లేని రెండు గజముల గుడ్డ!

షరాయియు, చొక్కాయు వచ్చి ఈ ఉత్తరీయమును తొలగించినవి. అది చేయుచుండిన పనులు మాత్రము తొలగలేదు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క వస్తువును కొనవలసి వచ్చినది. చెమటకు జేబురుమాలు, ఎండకు టోపియో గొడుగో, కూరలకు సంచి, రొంటికి బదులు పర్సు, మొలతాడునకు బదులు నడుమున బెల్టు. ఒక్క గుడ్డ భుజము దిగగా నాలుగైదు వ్యాపారములు దుకాణమెక్కినవి. కాలము మారి తోడువస్తువులు నశించుచున్నవని విచారించువారు ఈ రెండవ ప్రక్కను కూడ గమనించవలెను. మన దేశమున కట్టు మారుటవలన ఈ వస్తువుల గిరాకి మొత్తముమీద తగ్గినదని చెప్పుటకు వీలులేదు. నేతగాని యింటినుండి తోలుపనివాని యింటికిని, అచటినుండి ఫ్యాక్టరీకిని తరలిపోయినది.

స్త్రీల కట్టు విషయమున ఇది మరియు స్పష్టము. కొంగున ముడివేసిన రూకలు, బొడ్డున దోపిన తాళపుచెవుల గుత్తి – ఇవి చీరకు ప్రత్యేకముగా ఖర్చులేని జేబులు. పంజాబీ దుస్తులకు కొంగు లేదు, బొడ్డున దోపుటకు కుచ్చిళ్ళును లేవు. తరచుగా జేబును ఉండదు. కాబట్టి చేతిసంచి తప్పనిసరి అయినది. ఆడువారి దుస్తులకు జేబులు కుట్టకపోవుట కుట్టువారి పొరపాటో, సంచులమ్మువారి అదృష్టమో మేము చెప్పజాలము.

చీర మాత్రము తోడువస్తువులు లేనిదని తలచరాదు. నేడు మనము పూర్వాచారమని తలచు చీరకట్టులో చాలభాగము గత నూటయేబది యేండ్లలో కుదురుకొన్నది. వంగదేశపు జ్ఞానదానందినీదేవి, సత్యేంద్రనాథ టాగూరు సతీమణి, 1860లలో బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టును చూచి, రవికతోను లోపావడతోను బయటికి వెళ్ళదగిన కట్టును దిద్దినది. అట్టి కట్టు దేశమంతట వ్యాపించినకొలది చీర వెంట ఒక చిన్న సంత నడచివచ్చినది. రవికకు హుక్కులు, లోపావడకు బొందు, అంచు నలగకుండుటకు ఫాల్, భుజమున జారకుండుటకు పిన్నీసు. పిన్నీసును 1849లో అమెరికాలో వాల్టరు హంటు కనిపెట్టి, దాని హక్కును నాలుగు వందల డాలర్లకే అమ్ముకొనెను. అది మన ఆడువారి గాజులకు వ్రేలాడుచు, చీర కుచ్చిళ్ళను, తెగిన చెప్పును, ఊడిన గుండీ చోటును ఒకే తీరున కాపాడుచు ఎంత సంసారమును నెట్టుకొనివచ్చినదో ఆయన ఊహించియుండడు.

చీరతో కూడిన ఈ సంతకు మన పట్టణములలో ప్రత్యేకముగా దుకాణములే వెలసినవి. మాచింగ్ సెంటరు అను బోర్డు లేని బజారు మన రాష్ట్రములలో అరుదు. రవికగుడ్డలు రంగురంగులుగా గోడనిండ పేర్చి, ఫాల్, లైనింగు, లోపావడ అన్నియు ఒకేచోట అమ్ముదురు. చీర నిత్యధారణనుండి పండుగకు, పెండ్లికి, కచేరీకి కుదించుకొనిపోవుచున్న ఈ దినములలో, అదే గోడలో లెగ్గింగులును, చున్నీలును చోటు సంపాదించుకొన్నవి. లెగ్గింగునకు ఎలాస్టిక్ తప్ప మరేమియు అక్కరలేదు. బొందు లేదు, హుక్కు లేదు. దుకాణదారునకు దీనివలన నష్టమేమియు లేదు. అతడు ఏది అడిగిన అది తెచ్చి అమ్మగలడు. ఇంటివద్ద కూర్చుండి చీరలకు ఫాల్ కుట్టి నాలుగు రూపాయలు సంపాదించుకొను స్త్రీకి మాత్రము చేతిలోని పని తగ్గును. గిరాకి మార్పు ముందుగా తాకునది ఎప్పుడును చివరివరుసలోని వారినే.

జడ సంగతియు చెప్పవలెను. రాగిడి, నాగరము, చామంతిబిళ్ళ, జడబిళ్ళలు, కుప్పెలు, పాపిటబిళ్ళ, చెంపసరాలు – ఒక్క తలకు మన తెలుగువారు ఎన్ని పేర్లు పెట్టిరి! నిడుపాటి జడ నిత్యవ్యవహారమునుండి తప్పుకొని, పొట్టిజుట్టు, క్లిప్పు, రబ్బరుబ్యాండు వచ్చిన తరువాత ఇవి అన్నియు నశించియుండవలసినవి. కాని నశించలేదు. పెండ్లికూతురు ఆ ఒక్క దినము సవరము పెట్టి అయినను పూలజడ వేసికొనును. కూచిపూడి నర్తకి జడ లేక రంగమెక్కదు. భామాకలాపమున సత్యభామ జడకున్న ప్రతిష్ఠ ఎరుగనివారు లేరు. ఇంటింట ఒక బంగారు జడబిళ్ళ ఉండిన కాలము పోయి, ఒక్కొక్క వేడుకకు ఒక గిలిటు జత కొనుటయో, అద్దెకు తెచ్చుటయో జరుగుచున్నది. ఈ మార్పువలన లాభపడిన ఊరు మచిలీపట్నము. అచటి చిలకలపూడిలో రాగి, ఇత్తడి నగలపై బంగారుపూత పెట్టు పని ఎన్నియో కుటుంబములకు జీవనాధారము. చిలకలపూడి బంగారము అను మాటను మనవారు వెక్కిరింతగా వాడుదురు గాని, రంగస్థలమునకును, నాట్యమునకును, సామాన్యుల పెండ్లిండ్లకును ఆ ఊరు చేసిన ఉపకారము స్వల్పము కాదు.

దీనినిబట్టి ఒక భేదము గోచరించుచున్నది. బట్ట నిలుచుటకు పనికివచ్చు వస్తువు, ఆ బట్ట పోయినచో పూర్తిగా పోవును. గంజికాలరు స్టడ్డును నేడు ధరించువారు మిక్కిలి అరుదు. శోభకు ధరించు వస్తువు మాత్రము నిత్యవాడుకనుండి తప్పుకొని, పెండ్లిలోనో, రంగస్థలముననో, న్యాయస్థానముననో తలదాచుకొనును. మన న్యాయవాదుల మెడలోని తెల్లని పట్టీలు అట్టివే; నిబంధన ఉన్నది గనుక అవి ఉన్నవి. మేము రేడియోవారము, మా వేషము శ్రోతలకు కనబడదు. ఐనను 1920లలో బి.బి.సి. వారు, రాత్రి వార్తలు చదువువారు విందుకోటు ధరించియే మైకు ముందు కూర్చుండవలెనని నియమించిరి. కనబడని కోటునకు కనబడని గుండీలు!

నియమము మీద, రాజకీయము మీద బ్రతికిన వస్తువులలో రూమీ టోపి ముఖ్యమైనది. తురుష్క సుల్తాను రెండవ మహమూదు 1829లో తన ఉద్యోగులందరును తలపాగాలు విడచి ఎఱ్ఱని ఫెజ్ టోపిని ధరించవలెనని శాసించెను. ఈ టోపీలను నేయు పనిలో బొహీమియా దేశపు స్ట్రకోనిట్సె పట్టణము పేరుపొందినది. క్రైస్తవులు నేసిన టోపీలను మహమ్మదీయులు ధరించిరి. 1908లో ఆస్ట్రియావారు బోస్నియాను కలుపుకొనగా, ఇస్తాంబూలు ప్రజలు కోపించి ఆస్ట్రియా టోపీలను బహిష్కరించిరి. 1925 నవంబరులో ముస్తఫా కెమాలు ప్రభుత్వము ఫెజ్‌నే నిషేధించి, ఐరోపా హ్యాటును ధరించుమని చట్టము చేసెను. ఒక్క చట్టముతో పుట్టిన గిరాకి మరియొక చట్టముతో పోయినది.

ఈజిప్టు కథ ఇంకను జాలిగొలుపునది. తమ తలమీది టోపి పరదేశమునుండి వచ్చుట అవమానమని తలచి, 1931లో అచటి విద్యార్థులు ఒక్కొక్క పియాస్త్రు చొప్పున చందాలు పోగుచేసి, కైరోలో స్వదేశీ టోపీల ఫ్యాక్టరీని నెలకొల్పిరి. ఆ ఉత్సాహము మన ఖద్దరు ఉద్యమమును తలపించును. కాని 1952 విప్లవము తరువాత ఆ టోపియే పాతకాలపు పాషాల చిహ్నమైపోయి, వీధులనుండి మాయమైనది. కైరో పాతబస్తీలో ఇత్తడి మూసలపై టోపీలను వత్తు దుకాణము ఒకటి రెండు మిగిలి, మతపండితులకును యాత్రికులకును అమ్ముచున్నవి.

మన హైదరాబాదులో ఈ రూమీ టోపి షేర్వానీకి జతగా వెలసినది. దర్బారునకు పోవువారు మాత్రము తలకు దస్తారును, నడుమునకు బగ్లూసును ధరించవలెను. బగ్లూసు అనగా బకిలుతో కూడిన దర్బారు పట్టా. ఆంగ్లపు బకిలుమాటయే హైదరాబాదు నాలుకపై ఇట్లు మారినది. 1948 సెప్టెంబరుతో ఆ దర్బారును పోయినది, ఆ పట్టాను పోయినది. షేర్వానీ మాత్రము పెండ్లికొడుకుల మీద నిలిచినది గనుక, దాని గుండీలకు నేటికిని గిరాకి కలదు.

ఇక మేము విశేషముగా చెప్పదలచినది తేలియా రుమాలు విషయము. పరదేశపువారి కట్టుపై మన తెలుగు కుటుంబములు ఎట్లు ఆధారపడియుండెనో దీనివలన తెలియును. చీరాల ప్రాంతమున నేతవారు నూలును పడుగు పేకలు రెండిటియందును ముందే ముడులు కట్టి రంగులద్ది, చతురస్రాకారపు రుమాళ్ళను నేయుచుండిరి. రంగు పట్టుటకై నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను దినముల తరబడి నానవేసి, పిసికి, ఎండబెట్టుదురు. నూనె గుణము వలననే దానికి తేలియా అను పేరు. తెలుపు, నలుపు, ఎఱుపు – ఇవియే దాని రంగులు. ఎఱుపునకు ఒకప్పుడు మన తీరప్రాంతపు చిరివేరు ప్రసిద్ధము. 1869 నాటికి జర్మనీలో కృత్రిమముగా చేయ నేర్చిన అలిజరిన్ తరువాత దాని చోటును ఆక్రమించినది.

నూనెపట్టిన ఈ గుడ్డ ఎండలో తలకు చల్లన. మన జాలరులును, పశువుల కాపరులును దీనిని తలకు చుట్టిరి. అంతకంటె పెద్ద గిరాకి సముద్రము కావల ఉండెను. అరబ్బుదేశములలో తలగుడ్డగాను, తూర్పు ఆఫ్రికా తీరమున భుజవస్త్రముగాను ఇది వెళ్ళెను. నేతవారు ఆ గిరాకి ననుసరించి గీతలు, చుక్కలు దిద్దిరి; కాలము మారగా గడియారములు, విమానములు సైతము ముడులలో కట్టి నేసిరి. ఎడారిలో ఎవ్వరి తలపైనో చుట్టబడు గుడ్డ, చీరాల గుంటమగ్గము మీద కుటుంబము మొత్తమునకు అన్నము పెట్టినది. అట్లే మద్రాసు రుమాలు అను పేరుతో చీరాలనుండి వెళ్ళిన గళ్ళగుడ్డలను, నైజీరియాలోని కలబారి జాతివారు నడుమునకు చుట్టుకొని, పుట్టుకలోను చావులోను తప్పనిసరి గుడ్డగా మన్నించిరి.

ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమునకు తేలియా గిరాకి సన్నగిల్లినది. మరనేతల చౌక గుడ్డలు వచ్చినవి. కొనువారి కట్టులును మారినవి. నెలల తరబడి నూనెలో చేయి మునిగిన పనికి మరగుడ్డ ధర ఎట్లు గిట్టును? చీరాలలో ఈ పని చాలవరకు ఆగిపోయినది. కాని ఇంతలో ఆ విద్య నల్లగొండ సీమకు చేరియుండెను. పోచంపల్లి, పుట్టపాక గ్రామముల పద్మశాలీలు రుమాలునే పట్టుకొని కూర్చుండక, అదే ముడి విద్యను చీరలలోనికి, తరువాత చున్నీలలోనికి త్రిప్పిరి. తలగుడ్డ అడుగువాడు లేకపోయినను, పైట అడుగు స్త్రీ దొరకినది. పుట్టపాక వాసి గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ లభించినది. 2020లో పుట్టపాక తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. రుమాలు అను పేరుతో గుర్తింపు వచ్చునాటికి, దానిని తలకు చుట్టుకొనువారు దాదాపుగా లేకపోవుట ఇందులోని విశేషము.

వాల్సాలు పనివారు గుఱ్ఱమును ఆశ్రయించినట్లు, పుట్టపాకవారు చీరను ఆశ్రయించిరి. తేడా ఏమనగా, వాల్సాలువారికి రెండవ గిరాకి ముందే ఉండెను. పుట్టపాకవారు దానిని వెదకికొనిరి. అందుకు వారికి నూలు అప్పులును, కొత్త నమూనాలును, నగరములలో కొనుగోలుదారులను చూపిన సంఘములును తోడుపడినవి. నేతగాడు ఒంటరిగా ఈ పని చేసియుండజాలడు. అతడు మగ్గము దిగి హైదరాబాదు బజారులో ఏ చీర ఆడుచున్నదో చూచుటకు పోయినచో ఆ వారము కూలి పోవును.

గిరాకి ఎంత వేగముగా వచ్చి ఎంత వేగముగా పోగలదో మన కన్నుల ఎదుటనే జరిగినది. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినపుడు, అంతవరకు మన కట్టులో లేని ముఖపుగుడ్డ వారముల వ్యవధిలో అందరి ముఖములకెక్కినది. స్వయంసహాయక సంఘముల స్త్రీలు ఇండ్లలో కుట్టుయంత్రముల ముందు కూర్చుండి లెక్కలేనన్ని కుట్టిరి. పెండ్లిచీరకు సరిపోవు జరీ మాస్కులు సైతము వెలసినవి. 2022 ముగియునాటికి మిగిలిన మాస్కులు దుకాణముల అడుగు అరలలో చేరినవి. అప్పు తెచ్చి కుట్టుయంత్రము కొన్న స్త్రీ దానిని సంచులకో, పాఠశాలల యూనిఫారములకో త్రిప్పుకొనవలసి వచ్చినది. త్రిప్పుకొనుటకు వీలైన పనిముట్టు కుట్టుయంత్రము; విగ్గు చెక్కయో, టోపి మూసయో అట్టిది కాదు. పనిముట్టు కొనునపుడు ఈ తారతమ్యమును చూచుట అవసరమని మాకు తోచుచున్నది.

ఇపుడు పుట్టపాక మగ్గముల మీద చున్నీలు సాగుచున్నవి. నగరములలోని యువతులు చున్నీని కూడ మానుచున్నారు. కళాశాలల ముంగిట నిలిచి చూచినవారికి ఇది తెలియకపోదు. చీర పండుగకు చేరినది, చున్నీ దాని వెంట నడచుచున్నది. ఎఱుపు, నలుపు, తెలుపుల ఆ ముడిపనిని కుర్తాగుడ్డగా గజముల లెక్కన నేయుట కొందరు ఇప్పటికే ప్రారంభించిరి. గజముల గుడ్డకు అంచు కట్టు వేరు, ముడుల లెక్క వేరు. చతురస్రమునకు అలవాటుపడిన చేయి దానికి కుదురుకొనుటకు కాలము పట్టును. ఆ కాలమునందు మగ్గము ఖాళీగా ఉండకుండ నూలును, కూలిని సమకూర్చు బాధ్యత సహకార సంఘములది, ప్రభుత్వ చేనేత శాఖలది. చున్నీ బేరము పూర్తిగా ఆగకముందే ఆ పని ప్రారంభము కావలెను.